చెరువు నేర్పిన చూపు
(సూర్యప్రకాశ్ గారి దృశ్యచిత్రకళ: ఇందూరు సీమ నుండి ఒక పరామర్శ)

మన పాఠశాలలలో ఏ తరగతికైనా వెళ్ళి, "పిల్లలూ! ఒక ప్రకృతి దృశ్యం గీయండి" అని అడిగి చూడండి. పావుగంట గడిచేసరికి నలభై కాగితాల మీద దాదాపు ఒకే బొమ్మ వెలుస్తుంది. రెండు ముక్కోణపు కొండలు. వాటి నడుమ సగం పైకి వచ్చిన సూర్యుడు. కొండల సందులోనుండి మెలికలు తిరుగుతూ దిగివచ్చే నది. ఒడ్డున ఒక పూరిగుడిసె, దాని పక్కన ఒక కొబ్బరిచెట్టు. ఆకాశంలో గీతలవంటి నాలుగు పక్షులు. నేనును చిన్ననాడు ఈ బొమ్మనే గీసి, పదికి ఎనిమిది మార్కులు తెచ్చుకొని, ఇంట్లో అందరికీ చూపి మురిసినవాడినే. ఆ బొమ్మ ఎక్కడిదో, ఆ కొండలు ఏ జిల్లాలోనివో నన్ను ఎవరూ అడుగలేదు. నాకై నేను అడుగుకొనలేదు.

నిజానికి తరగతి కిటికీలోనుండి బయటకు చూస్తే కనిపించేది మరొక లోకము. నిజామాబాదు నుండి బోధనుకు పోయే దారిలో జానకంపేట దగ్గర అశోక్‌సాగర్ ఉన్నది. ఎవరో పేర్చిపెట్టినట్లు ఒకదాని మీద ఒకటి నిలిచిన నల్లని గుండ్లు, వాటి కాళ్ళ దగ్గర నిశ్చలంగా పడుకొన్న నీరు. ఆ రాళ్ళు ముక్కోణాలు కావు. గుండ్రనివి, ఎండకు వానకు పొరలు విడిచినవి. కొంచెము దూరాన అలీసాగర్. ఇంకా ముందుకు పోతే 1931లో పూర్తి అయిన నిజాంసాగర్ నుండి మంజీరా నీటిని మోసుకొని వచ్చే కాలువలు, ఆ కాలువల వెంట వరిమళ్ళు, ఒకప్పుడు కనుచూపుమేర అలలెత్తిన చెరకు తోటలు. రెంజల్ వైపు మళ్ళితే కందకుర్తి; గోదావరి తెలంగాణంలో అడుగుపెట్టే చోటు, మంజీరా హరిద్రలు ఆమెతో కలిసే చోటు. ఇంత సంపద చుట్టూ ఉండగా మన పిల్లవాడు తాను ఎన్నడూ చూడని కొబ్బరిచెట్టును గీస్తాడు. వానికి కన్నులు లేకకాదు, చూచుట ఎవరూ నేర్పకపోవుటచేత.

చూచుట కూడ ఒక విద్యయే. ఆ విద్యను జీవితమంతా అభ్యసించిన ఒక తెలుగు చిత్రకారుని గూర్చి ఈ వ్యాసంలో ముచ్చటించదలచినాను. ఆయన ఖమ్మం జిల్లా మధిరలో 1940లో జన్మించి, హైదరాబాదును కార్యక్షేత్రంగా చేసికొని, 2019లో కన్నుమూసిన సూర్యప్రకాశ్ గారు. వారు మా ఇందూరు సీమవారు కారు. ఐనప్పటికీ వారి చిత్రాలలోని మూడు ప్రధాన వస్తువులు, అనగా తుప్పుపట్టిన యంత్రము, రాలిన ఆకు, తామరలు నిండిన కొలను, ఈ బోధన్ ప్రాంతంలో నాకు అడుగడుగునా ఎదురవుతూ ఉంటాయి.

దృశ్యానికి పెద్దపీట

ముందు కొంత పూర్వకథ చెప్పుకొనవలసి ఉన్నది. మన ప్రాచీన చిత్రకళలో ప్రకృతి లేకపోలేదు. కాని అది రాజుగారి సభలో వింజామర వీచే పరిచారికవలె పక్కన నిలిచినది. అజంతా గోడల మీద చెట్లు, కొండలు, ఏనుగులు విహరించే అడవులు ఉన్నవి. అవన్నీ బోధిసత్త్వుని కథకు రంగస్థలములు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రము ఋతువులను, రాత్రిని, ఉషస్సును, నదిని ఏ ఏ గుర్తులతో చూపవలెనో చిత్రకారునికి బోధించినది. నీటిని చిత్రించవలెనంటే చేపలను, తాబేళ్ళను, తామరలను చూపుమన్నది. అనగా నీటిని నీటిలోని ప్రాణులవలన గుర్తించవలెను. నీటి మీద వెలుతురు చేసే వింతలకు అక్కడ ఇంకా పెద్దపీట పడలేదు.

మనుష్యులు, దేవతలు లేకుండ ఉత్త చెట్టును, ఉత్త మబ్బును ఒక చిత్రానికి నాయకులను చేయుట మనకు పంతొమ్మిదవ శతాబ్దిలో మద్రాసు, బొంబాయి నగరాలలో వెలసిన కళాశాలల ద్వారా బాగుగా అలవడినది. రాజమండ్రిలో దామెర్ల రామారావుగారి ప్రతిభను ఓస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయ అధ్యాపకుడు గుర్తించి బొంబాయి జె.జె. కళాశాలకు పంపించినాడు. రామారావుగారు తిరిగివచ్చి రాజమండ్రిలో చిత్రకళాశాలను నెలకొల్పి, గోదావరీ తీరాన్ని, తూర్పు కనుమలను తన కుంచెతో ఆరాధించి, 1925లో ఇరువదియెనిమిది ఏండ్లు నిండకముందే మశూచికి బలియైనారు. మన కందకుర్తి దగ్గర తెలుగు నేలను తాకే గోదావరియే అక్కడ ఆయన చేతిలో చిత్రమైనది.

తెలంగాణంలో కొండపల్లి శేషగిరిరావుగారు (1924–2012) శాంతినికేతనంలో నందలాల్ బోసుగారి వద్ద శిష్యరికం చేసి వచ్చి, హైదరాబాదు చుట్టుపట్ల ఉన్న రాతిగుండ్లను ప్రేమించినారు. ఆ రాళ్ళలో వారికి ముఖాలు, దేహాలు, కథలు కనిపించినవి. జానకంపేట గుండ్లను చూచిన ప్రతివారికీ వారి చిత్రాలు వెంటనే అర్థమవుతాయి. ఈ ఇరువురి తరువాతి తరమువారు సూర్యప్రకాశ్ గారు. ఆయన రాతిలో కథను వెదకలేదు. అసలు కథనే వదలివేసి, రంగు, వెలుతురు, ఆకృతి అనే మూడింటితో చిత్రమును నిలబెట్టజూచినారు. ఆయనను ఆధునికుడు అనుటకు కారణమిదియే.

గురువు దగ్గర తెచ్చుకొన్నది

సూర్యప్రకాశ్ గారు హైదరాబాదులోని ప్రభుత్వ లలితకళల కళాశాలలో చదువు ముగించి, 1960ల దశకంలో ఢిల్లీ వెళ్ళి రాంకుమార్ గారి వద్ద శిక్షణ పొందినారు. ఆ గురువుగారి చరిత్ర కొంత తెలిసికొంటేగాని శిష్యుని శైలి బోధపడదు.

రాంకుమార్ 1924లో సిమ్లాలో పుట్టినారు. చదివినది అర్థశాస్త్రము, చేరినది బ్యాంకు ఉద్యోగము. చిత్రకళ మీది మక్కువతో ఆ ఉద్యోగమును వదలి పారిస్ చేరి, ఆంద్రే లోత్, ఫెర్నాండ్ లేజే అనే ప్రసిద్ధ చిత్రకారుల వద్ద అభ్యసించినారు. హిందీలో మంచి కథకులు కూడ. ప్రఖ్యాత రచయిత నిర్మల్ వర్మ ఆయన సోదరుడే. తొలినాళ్ళలో ఆయన చిత్రాల నిండ నగరంలో దిక్కుతోచక నిలిచిన బడుగు మనుష్యులు, నిరుద్యోగులు, బరువైన కన్నులు. 1960లో హుస్సేన్ గారితో కలిసి కాశీకి వెళ్ళినారు. ఆ ప్రయాణం ఆయన కళను మలుపు తిప్పినది. కాశీ ఘట్టములలో ఎక్కడ చూచినా మనుష్యులే. ఆయన చిత్రించిన కాశీలో మాత్రము మనుష్యులు మాయమైనారు. మిగిలినవి ఒకదానిమీద ఒకటి ఒరిగిన ఇండ్లు, మెట్లు, బురద, నీరు, బూడిదరంగు ఆకాశము. దుఃఖమును మనుష్యుని ముఖములో చూపిన చేయి, ఇప్పుడు దానిని గోడల వాలులో చూపినది. కొంత కాలానికి ఆ ఇండ్లు కూడ కరిగి, కేవల వర్ణఖండములై, కాశీ ఒక నైరూప్య చిత్రమైపోయినది.

ఇట్టి గురువు దగ్గర చేరిన శిష్యుడు ఏమి నేర్చుకొనవలెను? కాశీ ఘట్టములనా? ఆ బూడిదరంగునా? అవి తెచ్చుకొని ఉంటే సూర్యప్రకాశ్ గారిని ఈనాడు తలచుకొనే అవసరము ఉండేది కాదు. ఆయన తెచ్చుకొన్నది వేరు. ఎదుట కనిపించే దానిలో ఏది వదలవలెనో తెలిసికొనుట. వదలిన తరువాత మిగిలిన దానిని బిగువుగా కూర్చుట. మనుష్యుని గీయకుండగనే మనుష్యుని మనస్సును పలికించుట. ఈ మూడింటినీ మూటగట్టుకొని ఆయన దక్కనుకు తిరిగివచ్చినారు. కుంచె ఎత్తినప్పుడు ఆయన ఎదుట గంగ లేదు; మన ఊళ్ళ చెరువులే ఉన్నవి. గురువుది బూడిదరంగు ప్రపంచమైతే శిష్యునిది ఎండలో నానిన రంగుల ప్రపంచము. చూపు మాత్రము గురువుగారి బడిలో పదునెక్కినదే.

కళలో ప్రభావము అనే మాటను మనము తరచు అపార్థం చేసికొంటాము. ఫలానావారి ప్రభావమున్నది అనగానే, ఏదో దొంగసొత్తు పట్టుబడినట్లు భావిస్తాము. కాలువ ఉదాహరణ తీసికొందాము. నిజాంసాగర్ నీరు మంజీరాది. ఆ నీటితో బోధనులో పండిన చెరకు మాత్రము మంజీరాది కాదు. ఈ నేలది, ఈ రైతుది. నీరు వచ్చిన దారిని చెప్పుకొనుటలో చెరకుకు చిన్నతనమేమియు లేదు.

తుక్కులో దొరికిన రూపము

సూర్యప్రకాశ్ గారి తొలి దశలో బాగా పేరు తెచ్చినవి కొలనులు కావు, మోటారు వాహనాల తుక్కు. విరిగిన చక్రాలు, చీలిన రేకులు, నలిగిన కారు దేహాలు, వాటి మీద పాకిన తుప్పు. దృశ్యచిత్రకారుడంటే పూలతోటల వెంట తిరుగువాడని అనుకొనేవారికి ఇది విడ్డూరముగా తోస్తుంది. కాని ఒక్కసారి తుప్పును దగ్గరగా చూడండి. ఇటుకరంగు, కాషాయము, పసుపు, ఊదా, కొన్నిచోట్ల నల్లని పొక్కులు. ఇనుము గాలితో, తేమతో కలిసి మెల్లమెల్లగా మట్టివైపు తిరిగిపోతున్నది. చెట్టు ఆకు ఆకుపచ్చ నుండి గోధుమరంగుకు మారుటకును, కారు రేకు తుప్పుపట్టుటకును నడుమ చిత్రకారుని కంటికి పెద్ద భేదము లేదు. రెండును కాలము వేసిన రంగులే. అందుచేతనే కొంతకాలమునకు ఆయన కుంచె యంత్రపు తుక్కును వదలి ఎండుటాకుల మీదికి మళ్ళినప్పుడు అది దారి తప్పుట కాదు. అదే దారిలో ఇంకొక మజిలీ.

ఇక్కడ ఈ ప్రాంతమువాడిగా నేను కొంత ఆగవలసివచ్చినది. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో స్థాపించబడిన నిజాం చక్కెర కర్మాగారము ఈ సీమకు గుండెకాయ వంటిది. గానుగ ఆడే నెలలలో చెరకు బండ్లు బారులు తీరేవి. రాత్రివేళ ఊరంతా పిప్పి వాసన, కాగిన బెల్లపు వాసన కలిసి వ్యాపించేవి. పొగగొట్టమును చూచి దూరపు పొలాలవారు దిక్కు తెలిసికొనేవారు. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోనికి పోయి, 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతపడినది. తోటలు తగ్గి మళ్ళు పెరిగినవి. ఒక పనిని నమ్ముకొని తరములు గడిపిన కుటుంబాలు చెదరిపోయినవి.

ఆగిన యంత్రము మీద తుప్పు అందముగా ఉన్నదని అనుట న్యాయమా? జీతము పోయినవాని ఎదుట నిలబడి, "ఈ కాషాయ వర్ణమును చూచితివా!" అని చెప్పగలమా? ఈ ప్రశ్న నన్ను చాలకాలము బాధించినది. కళాభిమానులము తొందరపడి, సౌందర్యము అన్నింటికంటె గొప్పదని సమాధానము చెప్పుకొంటాము. అది నాకు తృప్తి కలిగించలేదు.

సూర్యప్రకాశ్ గారి తుక్కు చిత్రాల ముద్రణలను మరల మరల చూచిన తరువాత నాకు తోచినది ఇది. ఆ చిత్రాలు తుప్పును అలంకరించవు. కారుకు మెరుగు పెట్టవు. దాని పూర్వ వైభవమును తలపించవు. విరిగినదానిని విరిగినట్లే, కాని పూర్తి శ్రద్ధతో చూస్తాయి. లోకము పనికిరాదని పారవేసిన దాని ఎదుట ఒక మనిషి రోజుల తరబడి కూర్చుండి, దాని ప్రతి మడతను పరికించినాడు. అది ఒక విధమైన గౌరవము. మూతపడిన మిల్లుకు పత్రికలలో అంకెలు ఉన్నవి, సభలలో ఉపన్యాసములు ఉన్నవి. దానిని కన్నార్పక చూచిన చిత్రము ఒక్కటి ఉన్నదా అని మన జిల్లా చిత్రకారులను, విద్యార్థులను అడుగవలసి ఉన్నది. అట్టి చిత్రము జీతమును తిరిగి ఇవ్వజాలదు. కాని రేపటి బిడ్డ, "మా తాత పనిచేసిన చోటు ఎట్లుండెడిది?" అని అడిగినప్పుడు, రెండు కొండల నడుమ సూర్యుని మాత్రము చూపించవలసిన దుర్గతి మనకు పట్టదు.

నీటిని చదువుట

సూర్యప్రకాశ్ గారి పరిణత దశ కొలనులది. తామరలు, కలువలు, నీటిలో వాలిన చెట్ల నీడలు, తేలియాడే ఎండుటాకులు. ఈ చిత్రాలను మొదటిసారి చూచినవారు, "ఇందులో నేల ఎక్కడ? ఆకాశమెక్కడ?" అని తడబడుట సహజము. చాల చిత్రాలలో ఒడ్డు కనిపించదు; నేల ఆకాశములు కలిసే గీత అసలే ఉండదు. ఆ తడబాటే చిత్రకారుడు కోరినది. ఎట్లనగా, చెరువు గట్టు మీద మనమే ఒక చిన్న ప్రయోగము చేసి తెలిసికొనవచ్చును.

గట్టు మీద నిలిచి మీ పాదాల దగ్గరి నీటిని చూడండి. నీరు తేటగా ఉంటే అడుగున నాచు, గులకరాళ్ళు కనిపిస్తాయి. చూపును మెల్లగా దూరమునకు జరుపండి. కొంతదూరము పోయేసరికి అడుగు మాయమై, ఆ చోట ఆకాశము పరచుకొంటుంది. చూపు ఏటవాలు అయినకొద్దీ నీరు వెలుతురును తనలోనికి పోనీయక, ఎక్కువగా మన వైపు తిప్పి పంపుతుంది. ఇది భౌతికశాస్త్ర పాఠము. చిత్రకారునికి మాత్రము ఇది ఒక అద్భుతము: ఒక్క నీటిలో మూడు లోకములు ఉన్నవి. క్రింద అడుగు, పైన ఆకాశపు నీడ, ఆ రెంటి నడుమ నీటి తలము. తలము మనకు కనిపించదు. దాని మీద ఒక ఆకు తేలినప్పుడే అది ఉన్నదని తెలుస్తుంది. సూర్యప్రకాశ్ గారి చిత్రాలలో ఎండుటాకులు, తామరాకులు చేసే పని అదియే. దగ్గరి ఆకు పెద్దది, దూరపు ఆకు చిన్నది. ఆ క్రమము వెంట నడిచి మన కన్ను నీటి దూరమును కొలుచుకొంటుంది. ఒడ్డును తొలగించినను చిత్రము అల్లకల్లోలము కాకుండ కాపాడేవి ఆ ఆకులే.

ఇక రంగుల సంగతి. నీడను నలుపుతో పూయుట మన బడులలో అలవాటు. కొలనులోని నీడను నిదానించి చూస్తే అందులో నలుపు అరుదు. ముదురు నీలము, ఊదా, లోతైన ఆకుపచ్చ కలిసి నలుపును భ్రమింపజేస్తాయి. ఆ నీలము మీద ఒక నారింజరంగు ఆకు పడగానే నీలము మరింత నీలమై, నారింజ మరింత మండుతుంది. పక్కపక్కన ఉన్న రంగులు ఒకదానిని మరొకటి మార్చివేస్తాయనే ఈ రహస్యమును షెవ్రోల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు, అద్దకపు శాలలో పనిచేస్తూ గమనించి, 1839లో గ్రంథస్థము చేసినాడు. తరువాత వచ్చిన ఫ్రెంచి చిత్రకారులు దానిని తమ కాన్వాసుల మీదికి తెచ్చుకొన్నారు.

వారిలో అగ్రగణ్యుడు క్లాడ్ మోనే (1840–1926). సూర్యప్రకాశ్ గారి కొలనులను చూచిన ప్రతి రసికుడు తలచేది మోనే పేరే. ఆయన జివెర్నీ అనే పల్లెలో స్థిరపడి, 1893లో కొంత భూమి కొని, ఏటిపాయ నీరు మళ్ళించి కొలను త్రవ్వించినాడు. పరదేశపు మొక్కలు నీటిని విషము చేస్తాయని ఇరుగుపొరుగు రైతులు అభ్యంతరము తెలిపినారు. ఆయన ఎట్లో అనుమతి సంపాదించి, అందులో కలువలు పెంచి, తుదిశ్వాస వరకు ఆ కొలనునే సుమారు 250 చిత్రాలలో చిత్రించినాడు. ఆ మోనేకు కూడ ప్రభావములు లేకపోలేదు. జపాను దేశపు చెక్క అచ్చు చిత్రాలను ఆయన ప్రీతితో సేకరించి ఇంటి గోడల నిండ వ్రేలాడదీసికొన్నాడు. కొలను మీద జపాను వంతెన కట్టించినాడు. తూర్పు నుండి పడమటికి వెళ్ళిన చూపు మరల తూర్పునకు వచ్చి, దక్కను చెరువులో దిగినదన్న మాట.

ఐతే మోనేకును మన చిత్రకారునికిని భేదము స్పష్టము. మోనేది తాను నిర్మించుకొన్న తోట. అందులోని కలువాకు నీటికి అంటుకొని తేలుతుంది. మన చెరువులోని తామరాకు కాడ మీద లేచి, గొడుగువలె నిలిచి, గాలికి తిరగబడి తన పాలిపోయిన వెనుక భాగమును చూపుతుంది. మోనే వెలుతురు మంచులో వడగట్టిన వెలుతురు. మనది కన్ను చికిలించవలసిన ఎండ. సూర్యప్రకాశ్ గారి రంగులలోని గట్టిదనము, వెలుగునీడల నడుమ ఉన్న పదునైన వైరుధ్యము ఈ ఎండ నుండి వచ్చినవి.

కంటి ఆసుపత్రిలో చిత్రకారుడు

మోనే కథలో మరొక ఘట్టమున్నది. 1912లో ఆయన కన్నులలో శుక్లములు ఉన్నట్లు వైద్యులు చెప్పినారు. రంగులు మసకబారి, ఎరుపు పసుపులలోనికి దిగిపోయినవి. 1923లో శస్త్రచికిత్స జరిగిన తరువాత ఆయన మరల రంగులను పోల్చుకొని పని సాగించినాడు. ఆ మహత్తర కలువ చిత్రాలను పారిస్‌లో 1927లో, ఆయన మరణించిన మరుసటి ఏడు, ప్రజలకు చూపినారు.

సూర్యప్రకాశ్ గారు తన ఉత్తరార్ధ జీవితంలో ఆస్థాన చిత్రకారుడుగా పనిచేసినది హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో. ఆసుపత్రికి ఆస్థాన చిత్రకారుడేమిటని కొందరు ఆశ్చర్యపడవచ్చును. కాని కంటి పట్టీ విప్పిన రోగి తలయెత్తగానే అతని ఎదుట గోడమీద ఒక కొలను ఉండుట ఎంతటి ఔచిత్యము! వైద్యుడు కంటిని బాగుచేస్తాడు. ఆ కన్నుతో ఏమి చూడవలెనో చిత్రకారుడు చెబుతాడు. ధనికుల హాలులోను, ప్రదర్శనశాలలోను మాత్రమే ఉండదగినదని మనము భావించే ఆధునిక చిత్రమునకు, చీటీ చేతబట్టుకొని వరుసలో కూర్చున్న పల్లెటూరి ముదుసలి ప్రేక్షకుడైనాడు. దానిని మించిన ప్రదర్శన ఏమి కావలెను?

ఒక కొరత

మెచ్చుకోలుతో పాటు ఒక అసంతృప్తిని కూడ చెప్పుట విమర్శకుని ధర్మము. ఈ కొలనుల వద్ద మనుష్యులు దాదాపు కనిపించరు. మన చెరువు ఎన్నడూ అంత నిర్జనము కాదు. బట్టలుతికే బండ, గేదెలను తోలుకొచ్చిన బాలుడు, వల విసరే చేయి, అన్నిటికంటె మిన్నగా బతుకమ్మను నీట విడిచే ఆడబిడ్డల గుంపు: ఇవి లేని తెలంగాణపు చెరువును ఊహించుట కష్టము. ఆ మనుష్యులను చూడవలెనంటే సిద్దిపేట కాపు రాజయ్యగారి చిత్రాల దగ్గరకు వెళ్ళవలెను. సూర్యప్రకాశ్ గారు గురువుగారివలె మనుష్యుని వెలుపల ఉంచి, నీటిని మాత్రము మనకు ఒప్పగించినారు. అది వారి ఎన్నిక. ఆ ఎన్నికవలన చెరువు సంపూర్ణముగా రాలేదు. కాని నీరు ఇంత సంపూర్ణముగా మరెవ్వరి చిత్రాలలోను వచ్చినట్లు నేను ఎరుగను.

ఉపాధ్యాయ సోదరులకు

ఈ కథవలన మన బడులకు కలిగే లాభమేమి? పిల్లలచేత మోనే కొలనును నకలు చేయించుట కాదు. సూర్యప్రకాశ్ గారి కొలనును నకలు చేయించుట కూడ కాదు. అట్లు చేస్తే కొబ్బరిచెట్టు పోయి తామరపువ్వు వస్తుంది. బొమ్మ మారుతుంది గాని చూపు మారదు. మనకు అందుబాటులో ఉన్న పని చాల చిన్నది. ఒక శనివారము ఉదయము పిల్లలను దగ్గరి చెరువుకో, కాలువకో తీసికొనిపోయి, గట్టు మీద దూరముగా, భద్రముగా కూర్చుండబెట్టండి. మొదటి పావుగంట పెన్సిలు ముట్టవద్దనండి. నీటిలో ఎన్ని ఆకుపచ్చలు ఉన్నవో లెక్కించుమనండి. రాతి నీడ రాతికంటె ముదురుగా ఉన్నదా, లేతగా ఉన్నదా అని అడుగండి. తరువాత గీయుమనండి. సాయంకాలము అదే చోటికి మరల తీసికొనిపోయి, అదే దృశ్యమును మరల గీయుమనండి. రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి, మారినదేమిటో వారినే చెప్పుమనండి. రంగులు లేకపోతే బొగ్గుముక్క చాలును.

మార్కులు వేసేటప్పుడు మాత్రము ఒక నియమము పాటించండి. గీత వంకరయైనా, రాయి రాయివలె లేకపోయినా తప్పు పట్టవద్దు. తాను చూడనిదానిని గీసిన బిడ్డను మాత్రము దగ్గరకు పిలిచి, మెత్తగా ఒక్క ప్రశ్న అడుగండి: "ఇది నీవు ఎక్కడ చూచినావు, నాయనా?" నన్ను ఆనాడు ఎవరైనా ఆ ప్రశ్న అడిగి ఉంటే, జానకంపేట గుండ్లను చూచుటకు నాకు ఇన్ని ఏండ్లు పట్టి ఉండేది కాదు.

మొన్న సాయంకాలము బోధన్ నుండి వస్తూ అశోక్‌సాగర్ దగ్గర బస్సు దిగినాను. ఎండ వాలుతున్నది. గుండ్లు నీటిలో తలక్రిందులుగా నిలిచి ఉన్నవి. ఎక్కడినుండో వచ్చిన ఒక ఎండుటాకు ఆ రాతినీడ మీద తేలుతున్నది. అది కదిలినంతమేర మాత్రమే నీరు ఉన్నదని తెలిసినది. పక్కన నిలిచిన బడిపిల్లవాడొకడు నా చూపు వెంట తానును చూచి, "రాయి మీద ఆకు నడుస్తున్నది సార్!" అన్నాడు. వాడు సూర్యప్రకాశ్ గారి పేరు విని ఉండడు. వినవలసిన అవసరము కూడ ఆ క్షణమునకు లేదు.